మూకహత్యల లెక్క తేల్చిన జర్నలిస్టు ఐడా బి. వెల్స్

గొడవ మొదలైంది గోలీలాట దగ్గర. 1892 మార్చి మొదటి వారం. అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రం, మెంఫిస్ నగరం. ఊరి చివర ట్రాము పట్టాలు వంపు తిరిగే పేటను అందరూ కర్వ్ అని పిలిచేవాళ్లు. అక్కడ కొందరు నల్లపిల్లలు, తెల్లపిల్లలు గోలీలాడుతూ కొట్టుకున్నారు. పిల్లల గొడవలోకి పెద్దలు దిగారు. వారం తిరిగేసరికి ముగ్గురు నల్లజాతి యువకులు శవాలయ్యారు.

నిజానికి ఆ గొడవ గోలీలది కాదు, గిరాకీది. ఆ పేటలో చాలాకాలం ఒకటే కిరాణా కొట్టు ఉండేది. ఓనరు విలియం బారెట్ అనే తెల్లాయన. పేటలో ఎక్కువమంది నల్లవాళ్లే, గిరాకీ కూడా వాళ్లదే. కొంతకాలానికి నల్లవాళ్లే కొందరు వాటాలు వేసుకుని, పీపుల్స్ గ్రోసరీ పేరుతో ఎదురుగా ఇంకో కొట్టు తెరిచారు. దాన్ని నడిపించిన థామస్ మాస్ పోస్ట్‌మ్యాన్. పగలు ఉత్తరాలు పంచేవాడు, రాత్రి కొట్టులో కూర్చునేవాడు. చెడు అలవాట్లు లేవు, సొంత ఇల్లు కొనుక్కున్నాడు, భార్య, ఒక చిన్న కూతురు. జనం అటు మళ్లారు. బారెట్ బేరం పడిపోయింది. ఆ తర్వాత జరిగిందంతా ఈ ఒక్క విషయం దగ్గర్నుంచే వచ్చింది.

మార్చి 5 శనివారం రాత్రి మామూలు బట్టల్లో కొందరు సాయుధులు కొట్టు వెనకవైపు నుంచి వచ్చారు. దాడి జరుగుతుందని ముందే పుకారు రావడంతో లోపలివాళ్లు కాపలా పెట్టుకుని ఉన్నారు. చీకట్లో కాల్పులు జరిగాయి, వచ్చినవాళ్లలో ముగ్గురు గాయపడ్డారు. వాళ్లు షెరిఫ్ మనుషులని తర్వాత తేలింది. ఇక మెంఫిస్ పత్రికలు రెచ్చిపోయాయి. పేటలో ఇళ్లు సోదా చేసి పదులకొద్దీ నల్లవాళ్లను జైల్లో వేశారు. మార్చి 9 తెల్లవారుజామున ముసుగులు వేసుకున్న గుంపు జైల్లోకి వెళ్లింది. థామస్ మాస్, కాల్విన్ మెక్‌డోవెల్, విల్ స్టూవర్ట్ అనే ముగ్గురిని బయటికి లాక్కొచ్చి, ఊరి ఉత్తరాన రైల్వే యార్డులో కాల్చి చంపింది. చనిపోయే ముందు మాస్ తనవాళ్లకు ఒక మాట చెప్పమన్నాడట. ఇక్కడ మీకు ఇన్సాఫ్ దొరకదు, పడమటికి వెళ్లిపోండి అని ఆ మాట సారాంశం. కొట్టును గుంపు దోచుకుంది. తినగలిగింది తిని, మోయగలిగింది మోసుకుపోయి, మిగిలింది పాడుచేసింది. కొద్దిరోజులకు అప్పులవాళ్లు కొట్టు మూయించి మిగతా సరుకు వేలం వేశారు.

మాస్ ఇంటికి బాగా దగ్గరైన ఒక పత్రిక సంపాదకురాలు ఆ రోజు ఊళ్లో లేదు. పత్రిక పని మీద మిసిసిపీలోని నాచెజ్‌కు వెళ్లింది. ఆమె తిరిగొచ్చేసరికి ఖననం కూడా అయిపోయింది. మాస్ చిన్నకూతురికి ఆమె గాడ్‌మదర్, అంటే చర్చి సాక్షిగా ఆ పిల్ల మంచిచెడ్డలు చూస్తానని మాటిచ్చిన మనిషి. వయసు 29. పేరు ఐడా బి. వెల్స్.

ఐడా 1862 జులై 16న మిసిసిపీ రాష్ట్రం హోలీ స్ప్రింగ్స్‌లో పుట్టింది, బానిసగా పుట్టింది. తండ్రి జేమ్స్ వడ్రంగి, తల్లి ఎలిజబెత్ వంటమనిషి, ఇద్దరూ ఒకే యజమాని ఇంట్లో బానిసలు. 1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయింది. జేమ్స్ అదే యజమాని దగ్గర కూలికి పని కొనసాగించాడు. ఎన్నికలొచ్చినప్పుడు యజమాని చెప్పిన పార్టీకి ఓటు వేయలేదు. తిరిగొచ్చి చూస్తే పనిచేసే షెడ్డుకు తాళం వేసి ఉంది. ఆయన వాదన పెట్టుకోలేదు. కొత్త పనిముట్లు కొనుక్కుని, వేరే ఇల్లు అద్దెకు తీసుకుని సొంతంగా పని మొదలుపెట్టాడు. ఊళ్లో నల్లవాళ్ల కోసం పెట్టిన బడి ట్రస్టీల్లో ఆయన ఒకడు. తల్లి బైబిల్ చదువుకోవాలని పిల్లలతో పాటు అదే బడికి వెళ్లింది. నాన్న స్నేహితులకు పేపరు చదివి వినిపించే పని ఐడాది.

1878లో యెల్లో ఫీవర్ వచ్చింది. ఐడా అప్పుడు నానమ్మ ఊళ్లో ఉంది. అమ్మా నాన్నా ఒక్కరోజు తేడాతో పోయారు, పసివాడైన తమ్ముడూ పోయాడు. అందరూ వద్దన్నా ఆమె గూడ్స్ రైలెక్కి ఇంటికొచ్చింది, ప్యాసింజర్ రైళ్లు ఆగిపోయాయి మరి. మిగిలింది ఆరుగురు పిల్లలు, అందరికంటే పెద్దది ఐడా, 16 ఏళ్లు. తండ్రి స్నేహితులు మంచి ఉద్దేశంతోనే కూర్చుని పిల్లలను తలా ఒకరి ఇంటికి పంచారు. నడుము పడిపోయి నడవలేని చెల్లెల్ని మాత్రం ఎవరూ అడగలేదు, అనాథల ఇంటికి పంపుదామన్నారు. ఐడా ఒప్పుకోలేదు. ఎవర్నీ పంచేది లేదు, నాకొక ఉద్యోగం చూపించండి చాలంది. జడ ముడి వేసుకుని, లంగా అంచు కిందికి దించి, వయసు పెంచి చెప్పి పల్లెటూరి బడిలో టీచరయింది. జీతం నెలకు 25 డాలర్లు. వారమంతా అక్కడ, శుక్రవారం సాయంత్రం కంచరగాడిద మీద ఆరు మైళ్లు ఇంటికి. శని, ఆదివారాలు బట్టలు ఉతకడం, ఇస్త్రీ చేయడం, వారానికి సరిపడా వండిపెట్టడం.

తర్వాత మెంఫిస్ చేరింది. అక్కడ టీచరుగా ఉన్నప్పుడే రైలు సంఘటన జరిగింది. ఫస్ట్ క్లాస్ టికెట్ కొని లేడీస్ పెట్టెలో కూర్చుంటే, కండక్టర్ వచ్చి పొగతాగేవాళ్ల పెట్టెలోకి పొమ్మన్నాడు. పోనంది. చెయ్యి పట్టి లాగితే ఆ చేతిని కొరికింది. ముగ్గురు మగాళ్లు కలిసి ఆమెను లాక్కెళ్తుంటే బట్టలు చిరిగాయి, పెట్టెలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆమె రైల్వే కంపెనీ మీద దావా వేసింది. 1884లో కింది కోర్టు 500 డాలర్ల పరిహారం ఇప్పించింది. 1887లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి, ఖర్చులు ఆమే కట్టాలంది. దక్షిణాఫ్రికాలో గాంధీని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో రైల్లోంచి దించేసింది 1893లో. అప్పటికి ఐడా కోర్టులో గెలవడం, పైకోర్టులో ఓడిపోవడం రెండూ అయిపోయాయి. మన పాఠ్యపుస్తకాల్లో మొదటి కథ ఉంది, రెండోది లేదు.

ఈ కేసు గురించి ఒక చర్చి పత్రికలో రాయడంతో ఆమెకు రాత అలవాటయింది. అయోలా అనే కలం పేరుతో చాలా నల్లజాతి పత్రికలు ఆమె రచనలు వేసుకునేవి. 1889లో మెంఫిస్‌లోని ఫ్రీ స్పీచ్ పత్రికలో వాటా కొని సంపాదకురాలయింది. నల్లపిల్లల బడులకు ఇచ్చే గదులు ఎంత అధ్వానంగా ఉన్నాయో తన పత్రికలోనే రాస్తే స్కూలు బోర్డు ఆమెకు ఉద్యోగం కొనసాగించలేదు. జీతం పోయేసరికి పత్రికను వ్యాపారంగా నిలబెట్టక తప్పలేదు. ఊరూరూ తిరిగి చందాలు కట్టించింది. చదువురానివాళ్లు కూడా ఫ్రీ స్పీచ్ కొని ఎవరితోనైనా చదివించుకునేవాళ్లు. వాళ్లకు వేరే పత్రిక అంటగట్టి మోసం చేస్తున్నారని తెలిసి, ఆమె పత్రికను గులాబీ రంగు కాగితం మీద అచ్చు వేయించింది. ఆ రంగు పేపరే ఇవ్వమని అడిగితే చాలు. మార్కెటింగ్ పుస్తకాల్లో పెట్టదగ్గ ఉపాయం ఇది.

సరిగ్గా ఆ టైములో మాస్ హత్య జరిగింది. ఐడా నిజాయితీగా ఒక సంగతి ఒప్పుకుంది. అప్పటిదాకా తను కూడా పత్రికలు చెప్పేది కొంత నమ్మింది. మూకలు చట్టాన్ని చేతుల్లోకి తీసుకోవడం తప్పే, కానీ చచ్చినవాళ్లు ఆడవాళ్ల మీద అఘాయిత్యం చేసినవాళ్లే అయ్యుంటారులే అనుకునేది. మాస్‌ను ఆమెకు తెలుసు. అతని మీద అలాంటి ఇల్జామ్ ఎవరూ వేయలేదు కూడా. అతను చేసింది కొట్టు పెట్టడం, అది బాగా నడవడం. మరి మిగతా కేసులు? వాటిలో నిజమెంత? ఆమె ఒక్కొక్కటీ తిరిగి చూడటం మొదలుపెట్టింది.

పత్రికలో మాత్రం ముందు మాస్ చివరి మాటనే పట్టుకుంది. ఈ ఊరు వదిలిపోండి, ఉన్నన్నాళ్లు ట్రాములెక్కకండి అని రాసింది. వేలమంది మెంఫిస్ వదిలి ఓక్లహోమా దారి పట్టారు. అక్కడ ఆకలి, ఇండియన్ల దాడులు అని తెల్లవాళ్ల పత్రికలు భయపెడితే, ఐడా స్వయంగా ఓక్లహోమా వెళ్లి మూడు వారాలు తిరిగి, కళ్లతో చూసింది చూసినట్టు రాసి పంపింది. ఇంట్లో పనిమనుషులు దొరక్క, కొట్లలో గిరాకీ లేక ఊరు ఉక్కిరిబిక్కిరయింది. ఆరు వారాలకు ట్రాము కంపెనీ పెద్దలు ఇద్దరు ఆమె ఆఫీసుకే వచ్చారు. మీవాళ్లు ట్రాములు ఎక్కడం లేదు, కొత్తగా వచ్చిన కరెంటు ట్రాములకు భయపడుతున్నారా అని అడిగారు. ముగ్గురిని చంపినవాళ్ల సంగతి తేలలేదు కాబట్టి ఎక్కడం లేదని ఆమె జవాబు. ఆ హత్యకు మాకేం సంబంధం అని వాళ్లన్నారు. ఆమె ఈ సంభాషణ మొత్తం మరుసటి సంచికలో అచ్చేసింది. ఆదివారం చర్చిలకు వెళ్లి, ఇంకా గట్టిగా ఉండండని జనానికి చెప్పింది. ఒక పిస్తోలు కూడా కొనుక్కుంది.

కేసులు తవ్వుతూ ఆమె మిసిసిపీలోని ట్యునికాకు వెళ్లింది. షెరిఫ్ ఏడేళ్ల కూతురి మీద అఘాయిత్యం చేసినందుకు ఒకణ్ని మూక చంపిందని వార్తల్లో వచ్చింది. వెళ్లి చూస్తే ఆమె పాప కాదు, పదిహేడేళ్లు దాటిన యువతి. ఇష్టపడే అతని గదికి వెళ్లేది. ఇంటి పరువు కోసం తండ్రే మూకను వెంటబెట్టుకొచ్చాడు. ఇలాంటివి ఇంకొన్ని చూశాక ఐడా 1892 మే 21 సంచికలో ఒక చిన్న సంపాదకీయం రాసింది. ఈ అఘాయిత్యాల కథ పాత అబద్ధమని, ఎవరూ నమ్మడం లేదని, దీన్ని ఇలాగే లాగితే చివరికి వాళ్ల ఆడవాళ్ల పేరు మీదికే వస్తుందని దాని భావం.

అది రాసి పెట్టి ఆమె ఫిలడెల్ఫియా ప్రయాణమైంది. తెల్లవాళ్ల పత్రికలు ఆ సంపాదకీయం రాసింది మగవాడనుకుని, ఏమేం చేయాలో బాహాటంగా రాశాయి. మే 27న గుంపు ఫ్రీ స్పీచ్ ఆఫీసును నేలమట్టం చేసింది. భాగస్వామి ఫ్లెమింగ్ ఊరొదిలి పారిపోయాడు. తిరిగొస్తే చంపేస్తామని ఐడాకు కబురు వచ్చింది. పత్రిక పోయింది, పెట్టుబడి పోయింది, ఇల్లు పోయింది. ఆమె దగ్గర మిగిలింది చందాదారుల జాబితా ఒక్కటే. న్యూయార్క్ ఏజ్ అనే నల్లజాతి పత్రికకు ఆ జాబితా ఇచ్చి, బదులుగా పత్రికలో నాలుగో వంతు వాటా తీసుకుంది.

జూన్ 25న అదే పత్రిక మొదటి పేజీలో ఏడు కాలాల నిండా ఆమె వ్యాసం వచ్చింది. పేర్లు, తేదీలు, ఊర్లు. అక్టోబర్‌లో న్యూయార్క్, బ్రూక్లిన్ నల్లజాతి మహిళలు సభ పెట్టి ఆమె పని కోసం 500 డాలర్లు పోగుచేశారు. ఆ సభలో మాట్లాడుతూ ఆమె ఏడ్చేసింది, దానికి తర్వాత చాలా సిగ్గుపడింది. ఆ డబ్బుతో సదరన్ హారర్స్ అనే చిన్న పుస్తకం వచ్చింది. అంతకుముందు ఎనిమిదేళ్లలో మూకలు చంపిన 728 మంది నల్లవాళ్లలో అఘాయిత్యం ఆరోపణైనా ఉన్నది మూడో వంతు మందిపైనే. రుజువు సంగతి కాదు, ఆరోపణే అంత. 1895లో వచ్చిన ఎ రెడ్ రికార్డ్ పెద్దది. 1892 ఒక్క ఏడాదిలో మూకహత్యలు 241, చనిపోయినవాళ్లలో 160 మంది నల్లవాళ్లు. ఇక్కడ ఆమె తెలివి చూడాలి. నల్లవాళ్లు చెప్పిన లెక్కలు వాడలేదు. తెల్లవాళ్ల పత్రిక చికాగో ట్రిబ్యూన్ ఏటా వేసే జాబితానే తీసుకుని, కారణం వారీగా విడదీసింది. పొగరుగా మాట్లాడారని చంపినవాళ్లు, జ్యూరీ నిర్దోషి అని వదిలేసినందుకు చంపినవాళ్లు, ఏ కారణమూ లేకుండా చంపినవాళ్లు. ఎదుటివాడి ఖాతా పుస్తకంతోనే ఎదుటివాడి తప్పు పట్టుకుంది. ఆ లెక్క తప్పని ఎవరూ నిరూపించలేకపోయారు, ఆమె నడవడి మంచిది కాదని మాత్రం రాశారు.

1893లో, 1894లో రెండుసార్లు బ్రిటన్ వెళ్లింది. పిలిచినవాళ్లలో యాంటీ క్యాస్ట్ అనే పత్రిక నడిపే క్యాథరిన్ ఇంపీ ఒకరు. జాత్యహంకారానికి ఆ ఇంగ్లీషు మహిళ మన కులం పేరే పెట్టింది! లివర్‌పూల్, మాంచెస్టర్, లండన్‌లలో ఐడా సభలు జరిగాయి. మెంఫిస్ బతికేది పత్తి మీద, ఆ పత్తి కొనేది ఇంగ్లండ్ మిల్లులు. అమెరికాలో ఎంత అరిచినా పట్టించుకోని మెంఫిస్ పెద్దలు, లండన్‌లో తమ ఊరి పేరు చెడేసరికి మూకహత్యలను ఖండిస్తూ సభ పెట్టారు.

1895లో చికాగో లాయరు ఫెర్డినాండ్ బార్నెట్‌ను పెళ్లి చేసుకుంది. ఉపన్యాసాల వల్ల పెళ్లి తేదీ మూడుసార్లు వాయిదా పడింది. తన ఇంటిపేరు వదులుకోకుండా వెల్స్-బార్నెట్ అని రాసుకుంది, ఆ కాలానికి అది వింతే. నలుగురు పిల్లలు. చంకలో పసిబిడ్డతోనే సభలకు వెళ్లేది. ఇంటికి అంకితమైపోయావని మహిళా ఉద్యమ నాయకురాలు సుసాన్ ఆంథోనీ ఒకసారి దెప్పితే బాధపడింది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు కొంతకాలం నిజంగానే వెనక్కి తగ్గింది కూడా.

1909లో ఇల్లినాయ్ రాష్ట్రంలోనే కైరో అనే ఊళ్లో ఒకణ్ని మూక చంపింది. ఖైదీని మూకకు వదిలేసిన షెరిఫ్‌ను పదవి నుంచి తీసేయాలని అక్కడ 1905లో చేసిన చట్టం ఉంది. గవర్నర్ తీసేశాడు, కానీ షెరిఫ్ మళ్లీ ఉద్యోగం కావాలని విచారణ కోరాడు. వెళ్లి వాదించమని భర్త అంటే, అలసిపోయాను, ఎప్పుడూ నేనేనా అని ఐడా పడుకుంది. పెద్దకొడుకు వచ్చి లేపి, నువ్వు వెళ్లకపోతే ఇంకెవరు వెళ్తారని అడిగాడు. వెళ్లింది. కైరోలో నల్లవాళ్లే కొందరు షెరిఫ్ మంచివాడని సంతకాలు చేసి ఉన్నారు. వాళ్లతో మాట్లాడి ఒప్పించి, సాక్ష్యాలు పోగేసి, గవర్నర్ ముందు వాదించింది. షెరిఫ్‌కు ఉద్యోగం రాలేదు. లాయరు కాని మనిషి సాధించిన పని ఇది.

ఆమెతో పనిచేయడం తేలిక కాదు. రాజీ అంటే పడదు, బుకర్ వాషింగ్టన్‌తో పడలేదు, అదే 1909లో పుట్టిన ఎన్ఏఏసీపీ సంస్థలో మొదటి జాబితాలో ఆమె పేరు తీసేసి, గొడవయ్యాక చేర్చారు. కొన్నాళ్లకు ఆమె దూరమైంది. 1913లో వాషింగ్టన్‌లో ఓటుహక్కు ఊరేగింపు జరిగింది. నల్లవాళ్లు చివర్లో నడవాలని నిర్వాహకులన్నారు. ఆమె జనంలో నిలబడి, ఇల్లినాయ్ బృందం దగ్గరికొచ్చాక మధ్యలో చేరి నడిచింది.

మెంఫిస్ కొట్టు కథే 1919లో ఆర్కన్సాలోని ఎలైన్‌లో పెద్దగా జరిగింది. పత్తి పండించే నల్ల కౌలురైతులు సరైన ధర కోసం సంఘం పెట్టుకున్నారు. సెప్టెంబర్ 30 రాత్రి చర్చిలో మీటింగు మీద కాల్పులు జరిగాయి. ఎదురుకాల్పుల్లో ఒక తెల్లవాడు చనిపోయాడు. తర్వాతి రోజుల్లో వందమందికి పైగా నల్లవాళ్లను చంపారని అంచనా. జైలుకు పోయింది మళ్లీ నల్లవాళ్లే, 12 మందికి మరణశిక్ష పడింది. జ్యూరీకి నిమిషాలు చాలాయి. 57 ఏళ్ల ఐడా ముప్పై ఏళ్లకు దగ్గర పడుతుండగా మొదటిసారి దక్షిణాదిలో అడుగుపెట్టింది. ఖైదీల భార్యలు, తల్లులతో కలిసి, వాళ్ల బంధువులా జైల్లోకి వెళ్లింది. వాళ్లు చావు గురించి, స్వర్గం గురించి పాటలు పాడారు. అవి ఆపండి, బయటికి రావాలని దువా చేయండి అని ఆమె మందలించింది. ఎవరికి ఎన్ని ఎకరాలు, ఎంత పత్తి, ఎంత మొక్కజొన్న, ఎన్ని పశువులు పోయాయో అడిగి రాసుకుంది. ఆ పంట విలువ డాలర్లలో వేసి పుస్తకంలో అచ్చేసింది. ఎవరికి లాభమో ఆ పట్టిక చూస్తే అర్థమవుతుంది. ఎన్ఏఏసీపీ, స్థానిక లాయరు సిపియో జోన్స్ కేసును సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లారు. మూక భయంతో జరిగిన విచారణ విచారణే కాదని 1923లో తీర్పొచ్చింది. 1925 జనవరి నాటికి పన్నెండుగురూ బయటికొచ్చారు. వాళ్లలో ఒకడు చికాగోలో ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, ఆ రోజు ఆమె మాట విన్నాకే తమకు ఆశ పుట్టిందని ఇంటివాళ్లందరి ముందు చెప్పాడు.

1930లో రాష్ట్ర సెనేట్‌కు పోటీ చేసి ఓడిపోయింది. 1931 మార్చి 25న కిడ్నీ జబ్బుతో చికాగోలో చనిపోయింది, 68 ఏళ్లు. అప్పటికి కొత్తతరానికి ఆమె ఏం చేసిందో సరిగా తెలియదు, ఆ బాధతోనే 1928లో ఆత్మకథ మొదలుపెట్టింది. అది ఒక వాక్యం మధ్యలో ఆగిపోయింది. కూతురు ఆల్ఫ్రెడా ఆ కాగితాలు దాచి, ప్రచురించేవాళ్ల కోసం ఏళ్ల తరబడి తిరిగి, 1970లో అచ్చు వేయించింది.

మూకహత్యను కేంద్ర నేరం చేయాలని అమెరికా కాంగ్రెస్‌లో మొదటి బిల్లు 1900లో వచ్చింది. సుమారు 200 ప్రయత్నాలు వీగిపోయాక, 2022 మార్చి 29న ఎమెట్ టిల్ పేరుతో చట్టమైంది, శిక్ష 30 ఏళ్ల వరకు. 2020లో ఐడాకు పులిట్జర్ ప్రత్యేక గౌరవం ప్రకటించారు. 2025లో అమెరికా ప్రభుత్వం పావు డాలర్ నాణెం మీద ఆమె బొమ్మ ముద్రించింది. ఆమెను తరిమేసిన మెంఫిస్‌లో 2021లో విగ్రహం పెట్టారు.

అదే మెంఫిస్‌లోని జయాన్ స్మశానంలో మాస్, మెక్‌డోవెల్, స్టూవర్ట్ సమాధులున్నాయి. కొట్టు ఉన్నచోట ఇప్పుడొక ఫలకం ఉంది. ఆ ముగ్గురిని చంపినందుకు ఎవరికీ శిక్ష పడలేదు.